మూడంకెల ముచ్చట్లు

100 అనే నంబరున్న ఫోను మన దేశంలో ఎక్కడా లేదు. 108, 112, 1930... వీటిలో ఏదీ నిజానికి ఫోన్ నంబరు కాదు. మనం 101 నొక్కగానే కంపెనీ వారి స్విచ్ ఒక పట్టిక చూసుకుంటుంది. ఈ కాల్ ఏ టవర్ నుంచి వచ్చింది, ఆ టవర్ ఏ జిల్లాది, ఆ జిల్లాలో 101 అంటే ఎవరికి కలపాలి? పట్టికలో ఆ ఆఫీసు అసలు నంబరు అన్ని నంబర్లలాగే పొడుగ్గా ఉంటుంది. స్విచ్ మన మూడంకెల్ని పక్కన పడేసి, ఆ పొడుగు నంబరు పట్టుకుని కాల్‌ని అటు తిప్పుతుంది. ఇదంతా మొదటి రింగు వినిపించేలోపే అయిపోతుంది. శ్రీకాకుళంలో నొక్కిన 101, చిత్తూరులో నొక్కిన 101 వేర్వేరు చోట్ల మోగేది అందుకే. పొట్టి నంబరంటే ఎక్స్ఛేంజికి మనమిచ్చే ఆజ్ఞ. ఎవరికి కలపాలో తేల్చేది మాత్రం మనం నిలబడ్డ చోటు.

ఈ పట్టికకు మన దగ్గర ఇంకో మెలిక ఉంది. రాష్ట్రం 2014లో రెండయింది గానీ, మొబైల్ లైసెన్సుల లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకటే సర్కిల్. దాని పేరు ఆంధ్రప్రదేశ్. కంపెనీకి సర్కిల్ ఒకటే, కంట్రోల్ రూములు మాత్రం రెండు ప్రభుత్వాలవి. ఏ టవర్ ఎటు అన్నది పట్టికలో విడివిడిగా రాసిపెట్టుకోక తప్పదు. అయినా రేడియో తరంగాలకు సరిహద్దు తెలియదు కదా. భద్రాచలం తెలంగాణలో ఉంటే, దానికి ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రలో ఉంది. ఇటు నిలబడి నొక్కినా ఫోను అటు టవర్‌ని పట్టుకుందంటే కాల్ పక్క రాష్ట్రానికి పోతుంది. సరిహద్దు ఊళ్లవాళ్లు ఫోను కలవగానే ముందు ఊరు, మండలం, జిల్లా చెప్పేయడం మంచిది.

అన్నీ ఒకటితోనే ఎందుకు?

మన దేశపు నంబర్లలో తొలి అంకెలకు దేని పని దానికి పంచేశారు. సున్నా ఊరు దాటడానికి, రెండు సున్నాలు దేశం దాటడానికి, 2 నుంచి 6 దాకా ల్యాండ్‌లైన్లకు, 6 నుంచి 9 దాకా మొబైళ్లకు. మిగిలిన 1ని ప్రత్యేక సేవలకు కేటాయించారు. ఇప్పుడు అమల్లో ఉన్న జాతీయ నంబరింగ్ ప్రణాళిక 2003 నాటిది.

ఇందులో ఒక గట్టి నియమం ఉంది, బయటికి కనపడదు. ల్యాండ్‌లైన్‌లో మనం ఒక్కో అంకె నొక్కుతుంటే ఎక్స్ఛేంజి వింటూనే ఉంటుంది, పచ్చ బటన్ అంటూ ఏదీ ఉండదు. 1, 0, 0 వినపడగానే ఇక ఆగకుండా పోలీసులకు కలిపేయాలి. అందుకని 100తో మొదలయ్యే నాలుగంకెల నంబరు ఇంకెవరికీ ఇవ్వడానికి లేదు. ఇస్తే నాలుగో అంకె కోసం ఎక్స్ఛేంజి ఎదురుచూస్తుంది, ఈలోపు దొంగ గోడ దూకుతాడు. మూడంకెల నంబరు ఒకటి ఇచ్చామంటే నాలుగంకెలవి పది, అయిదంకెలవి వంద పోయినట్టే. 1తో మొదలయ్యే మూడంకెల నంబర్లు మొత్తం కలిపినా వందే. గ్యాస్ లీకేజీకి 1906, అక్కర్లేని కాల్స్ ఆపడానికి 1909 ఇచ్చారు గనక 190 అనేది ఇక ఎవరికీ రాదు. కరెంటు ఫిర్యాదులకు 1912, వినియోగదారుల గోడుకు 1915 ఇచ్చారు గనక 191 కూడా ఖర్చయిపోయినట్టే. ప్రతి ప్రభుత్వ శాఖా తనకో మూడంకెల నంబరు కావాలంటుంది. చివరికి చేతికొచ్చేది 14400, 14416, 14567 లాంటి అయిదంకెలవి.

ఈ ఇరుకు అమెరికాలోనూ ఉంది. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవారి కోసం అక్కడ 2022 జులై 16 నుంచి 988 తెరిచారు. లోకల్ కాల్‌కు ఏడంకెలు నొక్కితే సరిపోయే కొన్ని ప్రాంతాల్లో 988తో మొదలయ్యే ఇంటి నంబర్లు అప్పటికే ఉన్నాయి. ఒక్క మూడంకెల కోసం ఆ ప్రాంతాలవాళ్లంతా పక్కింటికి చేసినా పదంకెలూ నొక్కడం అలవాటు చేసుకోవాల్సి వచ్చింది.

తొమ్మిది ఎందుకు, ఒకటి ఎందుకు కాదు?

1935 నవంబర్‌లో లండన్ వింపోల్ స్ట్రీట్‌లో ఒక ఇల్లు తగలబడి అయిదుగురు ఆడవాళ్లు చనిపోయారు. పొరుగాయన ఫైర్‌వాళ్ల కోసం ఫోన్ చేస్తే ఎక్స్ఛేంజిలో ఎవరూ పలకలేదు. ఆపరేటర్ల ముందు మామూలు కాల్స్‌తోపాటు ఆయన కాల్ కూడా వరసలో నిలబడింది. ఆయన టైమ్స్ పత్రికకు ఘాటుగా ఉత్తరం రాశాడు, విచారణ జరిగింది, 1937 జూన్ 30న లండన్‌లో 999 మొదలయింది. ప్రపంచంలో తొలి అత్యవసర నంబరు అదే.

అయితే 111 ఎందుకు పెట్టలేదు? అప్పటివి తిప్పుడు ఫోన్లు. 1 తిప్పితే లైనులో ఒక్కసారి కరెంటు తెగి మళ్లీ కలుస్తుంది, 9 తిప్పితే తొమ్మిదిసార్లు. గాలికి రెండు తీగలు ఒకదానికొకటి తగిలినా ఎక్స్ఛేంజికి అది 1 తిప్పినట్టే ఉంటుంది. ఈదురుగాలి వీచిన ప్రతి రాత్రీ ఫైరింజన్లు రోడ్డెక్కాలన్నమాట. పైగా డయల్‌లో 9 సున్నా పక్కనే ఉంటుంది, పొగలోనో చీకట్లోనో వేలితో తడుముకున్నా దొరుకుతుంది.

అసలు తమాషా న్యూజిలాండ్‌ది. అక్కడ డయల్ మీద అంకెలు తిరగేసి ఉండేవి: 1 తిప్పితే కరెంటు తొమ్మిదిసార్లు తెగేది, 9 తిప్పితే ఒక్కసారి. 1958లో వాళ్లు 111 పెట్టుకున్నారు. బ్రిటన్ 999, న్యూజిలాండ్ 111 చూడ్డానికి వేరుగా ఉన్నా తీగలో వెళ్లే సంకేతం ఒక్కటే. కాబట్టి బ్రిటన్‌లో తయారైన ఎక్స్ఛేంజి సామగ్రి మార్పు లేకుండా పనికొచ్చింది.

అమెరికావాళ్లు చాలా ఆలస్యంగా మేలుకున్నారు. 911 పెడతామని ఏటీ అండ్ టీ కంపెనీ 1968 జనవరిలో ప్రకటించింది. ఆ పెద్ద కంపెనీకన్నా ముందు మనం కొట్టేద్దామని అలబామాలోని ఒక చిన్న టెలిఫోన్ కంపెనీ పట్టుబట్టి, ఫిబ్రవరి 16న హేలీవిల్ అనే ఊళ్లో తొలి 911 కాల్ మోగించింది. పోలీస్ స్టేషన్‌లో దాని కోసం ఎర్ర ఫోనొకటి పెట్టారు.

112 నొక్కితే 112 పోదు

యూరప్ దేశాలన్నిటికీ ఒకే అత్యవసర నంబరు ఉండాలని 1972లోనే అక్కడి తపాలా, టెలికాం సంస్థల సమాఖ్య 112ని సూచించింది. 1991లో అది యూరప్ నిర్ణయంగా మారింది. సరిగ్గా ఆ రోజుల్లోనే జీఎస్ఎం మొబైళ్లు తయారవుతుండటంతో 112 ఫోన్ల లోపలికే చేరిపోయింది. మన దేశంలో దీన్ని హిమాచల్ ప్రదేశ్ 2018 నవంబర్‌లో మొదలుపెట్టింది. 2019 ఫిబ్రవరి 19న ఇంకో పదహారు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో మొదలైంది. వాటిలో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి.

మామూలు కాల్‌లో నంబరు ఫోను నుంచి నెట్‌వర్క్‌కు వెళుతుంది. 112 నొక్కితే మాత్రం ఫోనే దాన్ని గుర్తుపట్టి, నంబరు మాట ఎత్తకుండా ‘ఇది అత్యవసర కాల్’ అని వేరే రకం సందేశం పంపిస్తుంది. జీఎస్ఎం నియమాల ప్రకారం ఆ సందేశంలో మనం నొక్కిన అంకెలే ఉండవు. ఆ దేశంలో ఎమర్జెన్సీ అంటే ఎవరో నెట్‌వర్కే తేల్చుకుంటుంది. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన పిల్లాడు హైదరాబాద్‌లో అలవాటుకొద్దీ 911 కొట్టినా ఫోను దాన్నీ ఎమర్జెన్సీగానే పట్టుకుంటుంది. సిమ్ లోపల కూడా ఒక చిన్న ఫైలు ఉంటుంది. ఇంకే నంబర్లను ఎమర్జెన్సీగా చూడాలో కంపెనీ అందులో రాసిపెట్టుకోవచ్చు. సిమ్ లేనప్పుడు ఫోను తనంతట తాను గుర్తుపట్టాల్సిన నంబర్ల జాబితా కూడా ప్రమాణాల్లో ఉంది: 112, 911తో పాటు 000, 08, 110, 118, 119, 999.

‘సిగ్నల్ లేకపోయినా 112 పనిచేస్తుంది’ అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. సగం నిజం. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ దగ్గర్లో ఉంటే ఫోను దాన్ని పట్టుకుంటుంది, ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని తెర మీద కనపడేది అప్పుడే. ఏ కంపెనీ టవరూ లేని నల్లమల లోయలో 112 కూడా మూగదే. సిమ్ లేకుండా చేసే కాల్స్ విషయంలోనూ అన్ని దేశాలూ ఒకటి కావు. ఆకతాయి కాల్స్ భరించలేక జర్మనీ 2009 నుంచి సిమ్ లేని ఫోన్లకు ఆ తలుపు మూసేసింది.

మన ఫోన్లలో ఇంకో ఏర్పాటు కూడా ఉంది, చాలామందికి తెలియదు. 2017 నుంచి దేశంలో అమ్మే ప్రతి ఫోనులో పానిక్ బటన్ ఉండాలని నియమం. బటన్ల ఫోనులో 5 గాని 9 గాని అదిమి పట్టుకోవడం, స్మార్ట్ ఫోనులో పవర్ బటన్ మూడుసార్లు టకటకా నొక్కడం దాని పద్ధతి. జేబులో పడున్న ఫోను తనంతట తానే పోలీసులకు కాల్ చేసేసిన కథల వెనక ఉండేది ఇలాంటి ఏర్పాటే.

మన ఊరి నంబర్లు

పొట్టి నంబర్లలో తెలుగువాళ్ల వాటా తక్కువేం కాదు. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. సత్యం రామలింగరాజు పెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ దాన్ని నడిపింది, తర్వాత జీవీకే చేతికి వెళ్లింది, ఆపైన దేశంలో చాలా రాష్ట్రాలు అదే నంబరుతో అదే పద్ధతి అందుకున్నాయి. అంబులెన్సుకు 102 అని అంతకుముందే ఒక నంబరున్నా, జనం నోట్లో నిలిచింది 108. జపమాల పూసల లెక్క కావడం దానికి బాగా కలిసొచ్చింది. ఇప్పుడు పల్లెల్లో అంబులెన్సు అనేవాళ్లు తక్కువ, ‘వన్నాటెయిట్‌కి కొట్టు’ అంటారు.

దాని వెనకే 104 వచ్చింది, ఆరోగ్య సలహాకు. ఆ తర్వాత 2017లో తెలంగాణ గేదెలకు, మేకలకు కూడా 108 లాంటిదే పెట్టింది. 1962కి కొడితే పశువుల డాక్టరు వ్యానులో ఇంటికే వస్తాడు. వృద్ధుల కోసం ఇప్పుడు దేశమంతా పనిచేసే 14567 మూలం కూడా హైదరాబాదే. టాటా ట్రస్టులు, విజయవాహిని అనే సంస్థ కలిసి 2017లో ఇక్కడ మొదలుపెట్టిన సేవనే కేంద్రం తర్వాత అన్ని రాష్ట్రాలకూ తీసుకెళ్లింది. నాలుగు, అయిదు, ఆరు, ఏడు. వరసగా వచ్చే అంకెలు పెద్దవాళ్లకు గుర్తుంటాయని ఆ నంబరు ఎంచిన పుణ్యాత్ముడెవరో గాని వేయి దండాలు.

నంబరు పెట్టడంలో ఇంతకన్నా తెలివైన పని 1996లో ముంబయిలో జరిగింది. వీధి పిల్లల కోసం జెరూ బిలిమోరియా టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ఆధ్వర్యంలో హెల్ప్‌లైన్ మొదలుపెట్టారు. దానికి దొరికింది 1098. బడికి వెళ్లని పిల్లాడికి ఈ నాలుగంకెలు ఎలా గుర్తుండాలి? పది, తొమ్మిది, ఎనిమిది అని చెప్పారు. వెనక్కి లెక్కపెడితే చాలు, నంబరు వచ్చేస్తుంది. 2012 డిసెంబర్‌లో నిర్భయ ఘటన తర్వాత ఢిల్లీలో మహిళల కోసం ముందు 167 కేటాయించారు. అది ఎవరికి గుర్తుంటుందనుకున్నారో ఏమో, కొద్ది రోజుల్లోనే 181గా మార్చారు. సైబర్ మోసాలకు 2021లో ఇచ్చింది 155260. అకౌంటు ఖాళీ అవుతుంటే చేతులు వణికేవాడు ఆరంకెలు ఎక్కడ వెతుక్కుంటాడు? మరుసటి ఏడాదికే అది 1930 అయింది. డబ్బు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు దూకుతూ పోయేలోపు ఆపించగలిగితేనే ఆ ఫోనుకు ఫలితం కాబట్టి, ఇక్కడ రెండంకెలు తగ్గడం చిన్న విషయం కాదు.

180కి కొట్టి కూర్చోవడం

పాత టెలిఫోన్ డైరెక్టరీ తొలి పేజీల్లో ఉండే నంబర్లు గుర్తున్నవాళ్లు ఇప్పుడు తాతయ్యలు. 180కి ట్రంక్ బుకింగ్. 197కి డైరెక్టరీ విచారణ, అంటే మనిషి పేరు చెబితే నంబరు చెప్పేవాళ్లు. 198కి ఫోను చెడిపోయిందని ఫిర్యాదు, అదీ పక్కింటి ఫోను నుంచే. ఫలానా ఊళ్లో ఫలానా నంబరు కావాలని 180కి చెప్పి, ఆర్డినరీనా, అర్జెంటా, లైట్నింగా అంటే జేబు తడిమి చూసుకుని సమాధానం చెప్పి, రిసీవర్ పెట్టేసి ఇంట్లోనే కూర్చోవాలి. ఎప్పుడు మోగుతుందో తెలియదు కాబట్టి ఒకరు ఫోను దగ్గర కాపలా. మోగగానే ఆపరేటరమ్మ ‘మాట్లాడండి’ అనేది. వీధి మొత్తానికి వినపడేలా అరిచేవాళ్లు, మూడు నిమిషాలు కాగానే మధ్యలో ఆమె గొంతు. దేశంలో తొలిసారి ఎస్టీడీ వచ్చింది 1960లో, కాన్పూర్ లక్నోల మధ్య. మన పట్నాలకు చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది, పల్లెలకైతే ఇక చెప్పేదేముంది.

ఆ మూడింటిలో 198 ఇప్పటికీ ఉద్యోగం మారకుండా ఉంది. ఇప్పుడు ఏ కంపెనీ మొబైల్ నుంచి కొట్టినా అది ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగం, కాల్‌కు డబ్బులుండవు. కొన్ని కంపెనీల్లో 121 కూడా ఉంటుంది, అక్కడ ప్లాన్ల సమాచారం చెబుతారు. ఫిర్యాదు కోసం 121కి కొట్టి ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే గొంతుతో కుస్తీ పట్టేవాళ్లే ఎక్కువ. 198కి కొడితే ఫిర్యాదు నంబరు తప్పక ఇవ్వాలి, అది రాసి పెట్టుకుంటే తర్వాత పోట్లాటకు పనికొస్తుంది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీల మెడకు కట్టిన పొట్టి నంబర్లు ఇంకా ఉన్నాయి. అన్నిటికన్నా ముచ్చటైంది 1900. నంబరు మారకుండా వేరే కంపెనీకి పోవాలంటే ‘పోర్ట్’ అని ఇంగ్లిష్‌లో రాసి మన నంబరు చేర్చి దీనికి మెసేజ్ పెట్టాలి. ఆ మెసేజ్ చేరేది మనం వదిలిపోతున్న కంపెనీ చేతికే. రాజీనామా పత్రం యజమానికే ఇచ్చినట్టు. అతను కోపం చూపించడానికి వీల్లేదు, ఎనిమిది అక్షరాల కోడ్ వెంటనే రావాలి. మన ప్రాంతంలో ఆ కోడ్‌కు నాలుగు రోజులే ఆయుష్షు. మొబైల్ ఇంటర్నెట్ తెరవడానికి, మూయడానికి 1925. మనకు తెలియకుండా అంటించిన కాలర్ ట్యూనో, జ్యోతిషమో తీయించుకోవడానికి 155223. కంపెనీలు అంటగట్టడానికి ఒక్క బటన్ చాలు, వదిలించుకోవడానికి ఆరంకెలు!

1తో మొదలవని పొట్టి నంబర్లు కూడా ఉండేవి, టీవీ షోలకు మెసేజ్‌లు పంపిన తరానికి బాగా తెలుసు. మొదట్లో 8888, 7333 లాంటి నాలుగంకెలవి. తర్వాత టెలికాం శాఖ వాటన్నిటి ముందు 5 పెట్టించింది, 8888 కాస్తా 58888 అయింది. వీటిలో ఒక్కో మెసేజ్‌కు మామూలుకన్నా ఎక్కువ కోసుకునేవాళ్లు, ఆ డబ్బు ఫోన్ కంపెనీ, కార్యక్రమం వాళ్లు పంచుకునేవాళ్లు. ఇండియన్ ఐడల్‌లో కారుణ్య ఫైనల్‌కు చేరినప్పుడు, 2010లో శ్రీరామచంద్ర గెలిచినప్పుడు తెలుగు ఇళ్లలో ఎన్ని రీచార్జ్ కార్డులు గోకారో లెక్కపెట్టడం కష్టం.

నక్షత్రం, గడి

స్టార్, హ్యాష్ బటన్లు ఫోన్ల మీదకు వచ్చింది 1968లో, అమెరికాలో. అంతకుముందు అయిదేళ్ల బటన్ ఫోన్లలో పది బటన్లే ఉండేవి. ఇవాళ వీటి మధ్య పెట్టి కొట్టే కోడ్‌లన్నీ ఒకేలా కనపడతాయి గానీ, వెళ్లే దారులు వేరు.

*#06# నొక్కి చూడండి, పదిహేనంకెల ఐఎంఈఐ వస్తుంది. ఇది ఫోను దాటి ఎక్కడికీ పోదు. సిగ్నల్ లేకపోయినా, బ్యాలెన్స్ లేకపోయినా పలుకుతుంది. సెకండ్‌హ్యాండ్ ఫోను కొనేముందు ఈ అంకెల్ని ఇంగ్లిష్‌లో ‘కేవైఎం’ అని ముందు పెట్టి 14422కి మెసేజ్ చేస్తే, ఆ సెట్టు దొంగదో కాదో ప్రభుత్వ జాబితాలో చూసి చెబుతుంది.

*123# లాంటివి మాత్రం నెట్‌వర్క్ దాకా వెళ్లి వస్తాయి. వీటిని యూఎస్ఎస్‌డీ అంటారు. మెసేజ్‌లాగా ఎక్కడా నిలవ ఉండదు, అడగడం చెప్పడం అయిపోగానే ఆ సంభాషణ చెరిగిపోతుంది. ఒక్కో తెరకు 182 ఇంగ్లిష్ అక్షరాలు మించవు. జీఎస్ఎం నియమాల్లో దీనికో చిత్రమైన విభజన ఉంది. 100 నుంచి 149 దాకా ఉన్న కోడ్‌లు మనం ఏ దేశంలో తిరుగుతున్నా సొంత కంపెనీకే చేరాలి. 150 నుంచి 199 దాకా ఉన్నవి మనం అప్పుడు వాడుకుంటున్న పరాయి నెట్‌వర్క్‌వి. సింగపూర్‌లో దిగి ఇక్కడి సిమ్ బ్యాలెన్స్ అడిగితే ఇక్కడి నుంచే జవాబు వచ్చేది ఆ నియమం మూలంగానే.

ఇంటర్నెట్ లేని ఫోనుతో డబ్బు పంపే *99# కూడా ఈ దారిదే. 2014 ఆగస్టులో జన్‌ధన్ యోజనతోపాటు మొదలైంది. ఒక్కో లావాదేవీకి మొదట రూపాయిన్నర దాకా, నోట్ల రద్దు సమయంలో అర్ధరూపాయి, 2022 నుంచి ఏమీ లేదు. అర నిమిషం ఆలోచిస్తే తెర మూసుకుపోతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి. పెద్దవాళ్లు విసుక్కునేది అక్కడే.

ఇక అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సిన కోడ్ ఒకటుంది. ‘మీ పార్సిల్ వచ్చింది, డెలివరీ కుర్రాడికి కలవాలంటే స్టార్ 401 కొట్టి ఈ నంబరు నొక్కండి’ అని ఫోన్ వస్తుంది. నొక్కితే మన కాల్స్ అన్నీ ఆ నంబరుకు మళ్లిపోతాయి. 401 ఒక కంపెనీ వాడే ఫార్వర్డింగ్ కోడ్, జీఎస్ఎం పద్ధతిలో అదే పని **21* చేస్తుంది. మళ్లింపు జరిగేది మన ఫోనులో కాదు, కంపెనీ స్విచ్‌లో. ఫోను ఆపేసినా మళ్లింపు ఆగదు. ఎస్సెమ్మెస్‌లు మాత్రం మళ్లవు, కాబట్టి దొంగ ఓటీపీని ‘కాల్ ద్వారా చెప్పండి’ అని కోరుకుంటాడు, ఆ కాల్ వాడికే పోతుంది. ఇది శ్రుతి మించాకే టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి యూఎస్ఎస్‌డీ కోడ్‌లతో కాల్ ఫార్వర్డింగ్ ఆపేయమని అన్ని కంపెనీలకూ ఆదేశమిచ్చింది. అనుమానమొస్తే *#21# నొక్కితే మళ్లింపు ఉందో లేదో కనపడుతుంది. చాలా నెట్‌వర్కుల్లో ##002# నొక్కితే ఉన్న మళ్లింపులన్నీ రద్దవుతాయి. అది కుదరకపోతే 198 ఉండనే ఉంది.

కంపెనీల పేర్లతో వచ్చే మెసేజ్‌ల తలకాయలోనూ కోడ్ దాగి ఉంటుంది. గీతకు ముందున్న రెండక్షరాల్లో మొదటిది ఫోన్ కంపెనీ: ఏ అంటే ఎయిర్‌టెల్, బి అంటే బీఎస్ఎన్ఎల్, జె అంటే జియో, వి అంటే వొడాఫోన్ ఐడియా. రెండోది సర్కిల్. ఏ అంటే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ఎక్స్ అంటే కర్ణాటక, జెడ్ అంటే మహారాష్ట్ర. 2025 నుంచి చివర కూడా ఒక అక్షరం వస్తోంది: పి అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. బ్యాంకు ఓటీపీ పేరుతో వచ్చి చివర పి ఉందంటే ఆలోచించాల్సిందే. కాల్స్‌లో కూడా ఇదే పంపకం: అమ్మేవాళ్లకు 140తో మొదలయ్యే నంబర్లు, బ్యాంకులు, బీమావాళ్లకు 1600తో మొదలయ్యేవి.

సముద్రం దాటని నంబర్లు

పొట్టి నంబరు పుట్టిన ఎక్స్ఛేంజిలోనే బతుకుతుంది. డాలస్‌లో ఉన్న కొడుకు గుంటూరులో నాన్న ఫోను ఎత్తడం లేదని కంగారుపడి +91 పెట్టి 108 కొడితే అది ఎక్కడికీ వెళ్లదు. దేశం కోడ్ తర్వాత రావాల్సింది ఊరి కోడో, మొబైల్ నంబరో. 108 ఆ రెండూ కాదు. ఉత్తినే 112 కొడితే ఇంకా చిక్కు: అక్కడి ఫోను దాన్ని ఎమర్జెన్సీగా పట్టుకుని టెక్సస్ 911 వాళ్లకు కలుపుతుంది, గుంటూరు ఎక్కడుందో చెప్పేలోపే వాళ్లు విసుక్కుంటారు. విదేశాల్లో పిల్లలున్న ఇళ్లలో దగ్గర్లోని పోలీస్ స్టేషన్, ఆసుపత్రి అంబులెన్సు, పక్కింటివాళ్ల పదంకెల నంబర్లు రాసి పిల్లలకు పంపి ఉంచడమే దారి.

అమెరికా ఆఫీసుల్లో, హోటళ్లలో ఇంకో పాఠం ఉండేది. బయటికి లైను కావాలంటే ముందు 9 కొట్టాలి. 2013లో టెక్సస్‌లోని ఒక హోటల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల కూతురు నాలుగుసార్లు 911 కొట్టింది, ఒక్కసారీ వెళ్లలేదు. ముందు ఇంకో 9 కావాలని ఆ పిల్లకెలా తెలుస్తుంది? తల్లి దక్కలేదు. ఆమె పేరుతో 2018లో వచ్చిన కారీ చట్టం ప్రకారం, 2020 ఫిబ్రవరి తర్వాత పెట్టిన ఆఫీసు, హోటల్ ఫోన్లన్నిటిలో ముందు ఏ అంకే లేకుండా 911 నేరుగా కలవాలి. ఎవరో 911 కొట్టారన్న సంగతి హోటల్ కౌంటరుకూ వెంటనే తెలియాలి. అంతకుముందు పెట్టిన పాత ఫోన్లు అక్కడక్కడా ఇంకా ఉంటాయి కాబట్టి, గదిలో దిగగానే ఫోను పక్కన అంటించిన చీటీ ఒకసారి చదువుకోవడం మేలు.